పాత కారును ఎంతవరకు బాగుచేయవలెను?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో 60 ఏండ్లు దాటినవారిని అడిగి చూడుడు. తమ చిన్నతనమున ఊరిలోనికి కారు వచ్చిన సంగతి, దాని వెనుక లేచిన దుమ్ములో పిల్లలందరును పరుగెత్తిన సంగతి తప్పక చెప్పుదురు. ఆ రోజులలో కనబడు కార్లు రెండు మూడు రకములే. కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో 1950వ దశకము చివరినుండి 2014 వరకు తయారైన అంబాసడరు ఒకటి. బొంబాయిలో తయారై మొదట ఫియట్ అనియు, పిదప ప్రీమియర్ పద్మిని అనియు పేరు పొందినది మరియొకటి. సర్కారు కచేరీల ముందు నిలిచియుండు జీపు ఇంకొకటి. డాక్టరుగారి కారు, తహసీలుదారుగారి జీపు అని వాటిని మనుష్యుల పేరనే పిలిచెడివారు.

నేడు అవి రోడ్లపై అరుదైనవి. 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషనును 2023 ఏప్రిల్ 1 నుండి పొడిగించుట మానివేసిరి గనుక పాత జీపులు తుక్కు క్రింద పోవుచున్నవి. సొంత కార్లు కొన్ని చింతచెట్టు క్రిందనో, పశువుల కొట్టములోనో గోనెపట్టాలు కప్పుకొని పడియున్నవి. ఏనాడో ఒకనాడు యజమాని మనుమనికి దానిమీద మమకారము కలుగును. మెకానిక్కును పిలుచుకొనివచ్చి, "అన్నా, ఖర్చెంతయినా మంచిదే, కొత్తదాని లెక్క చెయ్యాలె" అనును.

చిక్కంతయు ఈ చివరి మాటలోనే యున్నది. బాగుచేయక వదలివేసినచో కారు నశించునని అందరును ఎరుగుదురు. మితిమీరి బాగుచేసినను అది నశించునని ఎరిగినవారు తక్కువ. ఎక్కడ చేయి వేయవలెను, ఎక్కడ చేయి ఆపవలెను అను ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో లోహములు, రంగులు, రబ్బరు ఎట్లు ముసలివగునో ముందు తెలిసికొనవలెను. ఉన్నత పాఠశాలలో చదువుకొను రసాయనశాస్త్రమే ఇందుకు చాలును.

ఎడ్లబండి చిక్కుప్రశ్న

ఒక రైతు ఇంట తాతనాటి ఎడ్లబండి యున్నదనుకొనుడు. తండ్రి దాని చక్రములు మార్చెను. కొడుకు ఇరుసు మార్చెను. మనుమడు కాడి, నొగలు మార్చెను. ఇప్పుడది తాతగారి బండియేనా? గ్రీకు దేశములో థీసియస్ అను వీరుని ఓడను గురించి పూర్వము తత్త్వవేత్తలు ఇదే ప్రశ్న వేసికొనిరి. ఎడ్లబండి విషయములో ఈ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. అది పనికొరకు ఉన్నది, పని జరిగిన చాలును. కాని ఒక వస్తువును దాని చరిత్రకొరకు ఉంచుకొన్నప్పుడు, మార్చిన ప్రతి భాగముతోను ఆ చరిత్రలో ఒక పుట చిరిగిపోవును.

పాత వాహనముల సంఘములు ప్రపంచమంతట కలిసి 1966లో ఒక అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడినవి. ఆ సమాఖ్య 2012లో టురిన్ ప్రణాళిక యను నియమావళిని ఆమోదించినది. ప్రాచీన కట్టడముల రక్షణకు 1964లో వెనిస్ నగరమున వ్రాసికొన్న నియమములే దీనికి మాతృక. అందలి సారమును మూడు మాటలలో చెప్పవచ్చును. ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుట మొదటిది. దానిని సంరక్షణ అందుము. క్షయము ఇక ముందుకు సాగకుండ అడ్డుకొనుట రెండవది. ఇది చికిత్స వంటిది. పోయిన భాగమును ఆధారములనుబట్టి తిరిగి కూర్చుట మూడవది, ఇది పునరుద్ధరణ. మొదటిదానితో సరిపోవునప్పుడు రెండవదానికి పోరాదు. రెండవదానితో సరిపోవునప్పుడు మూడవదానికి పోరాదు.

ఈ పద్ధతి మన ప్రాంతమునకు కొత్తది కాదు. కృష్ణా తుంగభద్రల సంగమమువద్ద కూడవెల్లిలో నున్న సంగమేశ్వరాలయము శ్రీశైలం జలాశయములో మునుగునని తెలిసినప్పుడు, ప్రతి రాతికి అంకె వేసి, ఊడదీసి, అలంపురమునకు తరలించి, తిరిగి అదే వరుసలో పేర్చి నిలిపిరి. ఆ రాళ్ళను చెక్కి నునుపుచేసి కొత్తవానివలె మెరిపింపవలెనని ఎవరును తలపలేదు. అరిగిన రాయి అరిగినట్లే యున్నది. అందుచేతనే అది నేటికిని ఆ ఆలయమే. పాత కారుయెడలను ఈ మర్యాదయే చూపవలెను.

కారు చెప్పు సాక్ష్యము

హైదరాబాదులోని చౌమహల్లా భవనములో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారొకటి ప్రదర్శనయందున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దానికొరకు ఏర్పాటు చేసెను. ఆయన 1911 ఆగస్టులో మరణించుటచే, అది కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ వాడుకకు వచ్చినది. వెనుక ఆసనము సింహాసనమువలె ఎత్తుగా నుండును. ఉత్సవములలో తప్ప వాడకపోవుటచే చాల తక్కువ దూరము నడిచినది.

ఆ కాలపు రోల్స్ రాయిస్ సంస్థ చాసిస్, ఇంజను మాత్రమే తయారు చేసెడిది. పైనున్న బండిని, అనగా బాడీని, లండనులోని బార్కరు వంటి గుఱ్ఱపుబండ్ల వడ్రంగులు కట్టెడివారు. కొయ్య చట్రము మీద లోహపు రేకులు పరచి, కుంచెతో వార్నీషు రంగులు పూతపై పూతగా వేసి, ఒక్కొక్క పూతను రోజుల తరబడి ఆరనిచ్చెడివారు. కావున అట్టి కారులో వడ్రంగము, కమ్మరము, తోలుపని, రంగుపని అన్నియు ఒకచోట చేరియున్నవి. సుత్తిదెబ్బ గుర్తులు, మేకుల వరుస, కుట్టు దారము — ఇవన్నియు ఆనాటి చేతిపనివారు మనకు వ్రాసియుంచిన ఉత్తరములు. రేకును నునుపు చేసి లప్పం పూసినచో ఆ ఉత్తరము చెరిగిపోవును.

రాజుల కార్లకే ఈ విలువ యనుకొనరాదు. నిజాము రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932 జూన్ మాసమున 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైనది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి "డెక్కన్ క్వీన్" అను పేరుతో నిలిచియున్నది. సామాన్య జనుల ప్రయాణ చరిత్రకు అంతకంటె మంచి సాక్షి ఏమున్నది? అట్లే ఒక గ్రామ వైద్యుని అంబాసడరులో మందులపెట్టె రాపిడికి అరిగిన వెనుకసీటు, ఆ ఊరి ఆరోగ్య చరిత్రలో ఒక భాగమే.

తుప్పు ఎట్లు పుట్టును?

పాత కారుకు ప్రధాన శత్రువు తుప్పు. ఇనుము, ఆమ్లజని, నీరు — ఈ మూడును కలిసిననే తుప్పు పుట్టును. పొడిగాలిలో ఇనుము ఏండ్ల తరబడి చెడక యుండును. గాలిలో తేమ సుమారు 60 శాతము దాటినప్పుడు, కంటికి కానరాని పలుచని నీటిపొర లోహముపై చేరి చర్యను వేగిరపరచును. మన మూడు జిల్లాలలో ఎండకాలపు గాలి పొడిగా నుండుటచే కార్లకు మేలు. కాని ఆ ఎండకాలపు దుమ్మే వానకాలమున అపకారి యగును. ఎట్లన, మడ్‌గార్డుల లోపల, తలుపుల అడుగున, రేకుల మడతలలో చేరిన మట్టి వాననీటిని పీల్చుకొని వారముల తరబడి విడువదు.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. గాలి బాగుగా తగులు చోటనే తుప్పు ఎక్కువగా నుండవలెనని మనకు తోచును. నిజమునకు గాలి తగలని మూలలోనే రేకు ముందుగా చిల్లు పడును. కారణమేమన, తుప్పు పట్టుట ఒక చిన్న విద్యుత్ ఘటము పనిచేయుట వంటిది. ఆమ్లజని తక్కువగా నున్నచోట ఇనుము ఎలక్ట్రానులను విడిచి అయానులుగా నీటిలో కరుగును. ఆ ఎలక్ట్రానులు లోహముగుండా పోయి, ఆమ్లజని సమృద్ధిగా నున్నచోట నీటితోను ఆమ్లజనితోను కలిసి క్షారమును పుట్టించును. కరుగుట ఒకచోట, ఆమ్లజని ఖర్చగుట మరియొకచోట. రెండింటి నడుమ కలిసినచోట ఎఱ్ఱని తుప్పు ఏర్పడును. కావుననే పైకి రంగు నిగనిగలాడుచుండగా, మట్టి పేరుకొన్న లోపలి మడత నిశ్శబ్దముగా తినబడుచుండును.

తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలనుండి ఆరింతలవరకు చోటు ఆక్రమించును. రెండు రేకుల నడుమ పుట్టిన తుప్పు వాటిని ఎడబాపి రంగును పొక్కులుగా లేపుట ఇందువలననే. పొక్కు కనబడినదనగా వ్యాధి లోపల చాలకాలముగా నున్నదని అర్థము. పొక్కుపై లప్పం రుద్ది రంగు వేయుట పుండుపై పట్టుగుడ్డ కప్పుట వంటిది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును ఉపాధ్యాయులు సులభముగా చూపవచ్చును. 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల ఉప్పు, చిటికెడు పొటాషియం ఫెర్రిసయనైడు కరిగించి, కొన్ని చుక్కల ఫినాల్ఫ్‌థలీన్ కలుపుడు. ఉప్పుకాగితముతో బాగుగా రుద్ది శుభ్రపరచిన ఇనుపరేకుపై ఈ ద్రావణమును పెద్ద చుక్కగా వేసి, కదపక కొంతసేపు ఉంచుడు. క్రమముగా చుక్క నడుమ నీలము, అంచున గులాబి రంగు కనబడును. నీలము ఇనుము కరుగుచున్న చోటు. గులాబి క్షారము పుట్టుచున్న చోటు. అంచున గాలి తగులుచున్నది, నడుమ తగులుట లేదు. మరికొంతసేపటికి ఈ రెండింటి మధ్య తుప్పు వలయమొకటి ఏర్పడును. ఫెర్రిసయనైడును వేడిచేయరాదు, ఆమ్లములతో కలుపరాదు, ప్రయోగము ఉపాధ్యాయుని యెదుటనే జరుగవలెను.

ఈ ఒక్క చుక్కలో పాత కారు సంరక్షణ యొక్క మొదటి సూత్రమున్నది. రంగుల డబ్బా కొనుటకు ముందు మడతలలోని మట్టిని తీయుడు. నీరు కారిపోవు రంధ్రములు మూసికొనియున్నచో తెరవుడు. కారును గాలియాడు షెడ్డులో నిలుపుడు. తేమను లోపల బంధించు ప్లాస్టిక్ గుడ్డను గట్టిగా కప్పరాదు. ఖర్చులేని ఈ పని లక్షల మరమ్మతుకంటె ఎక్కువ ఫలితమిచ్చును.

తుప్పుకు చికిత్స, కరక్కాయ సిరా

తుప్పును తొలగించుటకు చాలమంది ఎంచుకొను మార్గము గ్రైండరు. అది తుప్పుతోపాటు మంచి ఇనుమును, అచ్చువేసిన అంకెలను, చేతిపని గుర్తులను కూడ తినివేయును. మరికొందరు ఉప్పుతేజాబు వాడుదురు. అందలి క్లోరైడు మడతలలో నిలిచి కొన్ని నెలలకే మరల తుప్పు పుట్టించును.

ఊడదీయగల చిన్న భాగములకు విద్యుద్విశ్లేషణము మేలైన మార్గము. వాషింగు సోడా కరిగించిన నీటిలో తుప్పుపట్టిన వస్తువును ఋణధ్రువమునకు, పాత ఇనుపరేకును ధనధ్రువమునకు కలిపి, బ్యాటరీ ఛార్జరుతో కరెంటు పంపవలెను. తుప్పు వదులై రాలును, మంచి ఇనుము మిగులును. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. దానినుండి విషకరమైన క్రోమియము లవణములు పుట్టును. ఉదజని వెలువడును గనుక నిప్పు దగ్గరకు రారాదు, గాలి బాగుగా ఆడవలెను. గట్టి స్ప్రింగులలో ఉదజని చొరబడి వాటిని పెళుసుచేయును. అల్యూమినియము క్షారములో కరుగును. ఈ రెండింటికి ఈ పద్ధతి పనికిరాదు.

ఊడదీయరాని చోట మ్యూజియముల వారు టానిక్ ఆమ్లమును పూయుదురు. ఇది మన పెద్దలకు తెలిసిన రసాయనమే. వెనుక కరక్కాయల కషాయములో అన్నభేది కలిపి సిరా చేసెడివారు. కరక్కాయలోని టానిను ఇనుప లవణముతో కలిసి చెరగని నలుపునిచ్చును. తుప్పుపై టానిక్ ఆమ్లము పూసినను జరుగునది ఇదే. ఎఱ్ఱని తుప్పు నీలి నలుపు పొరగా మారి, అంటిపట్టుకొని, క్షయమును మందగింపజేయును. దానిపై మైనము పూసినచో తేమ దరిచేరదు. రేకును కోయలేదు, కొత్తది అతుకలేదు. వ్యాధి మాత్రము నిలిచినది. చికిత్స యనగా ఇదియే.

రంగు: పోయిన తరువాత రానిది

కారు రంగుపొర మందము మొత్తము మీద సుమారు మిల్లీమీటరులో పదవ వంతు, అనగా 100 మైక్రానులు. గట్టి పాలిషు పట్టిన ప్రతిసారి కొన్ని మైక్రానులు అరిగిపోవును. ప్రతి పండుగకు మెరుగు పట్టించినచో కొన్ని ఏండ్లలో అంచులవద్ద ప్రైమరు బయటపడును.

1920ల మొదటి భాగమువరకు కార్లకు వార్నీషు రంగులే. అమెరికాలో 1923-24 ప్రాంతమున నైట్రోసెల్యులోజు లాకరు వచ్చిన తరువాతనే వారముల పని గంటలలో ముగియసాగినది. నేటి పాలియురిథేను రంగులు ఇంకను గట్టివి, అద్దమువలె మెరయును. 1912 నాటి కారుకు ఈ అద్దపు మెరుపు పెట్టినచో, అది 1912లో ఎవరును చూచియుండని కారగును. చూపరులు మెచ్చుకొందురు. కాని వారు చూచుచున్నది మన కాలపు రంగును, పాత కారును కాదు.

రంగు చరిత్రను తెలిసికొనుటకు ఒక ఉపాయమున్నది. కంటికి కనబడని మూలలో, రూపాయి బిళ్ళంత మేర, సన్నని ఉప్పుకాగితముతో తడిపి మెల్లగా రుద్దినచో పొరలన్నియు చెట్టు మానులోని వలయములవలె బయటపడును. ఏ రంగుపై ఏ రంగు వేసిరో వరుసగా తెలియును. దానిని ఫొటో తీసి వ్రాసిపెట్టుకొనవలెను.

అయితే పాత రంగును గీయునప్పుడు ప్రాణభయము కూడ ఉన్నది. పూర్వపు ప్రైమరులలో సీసపు సిందూరము, కొన్ని పసుపు రంగులలో సీసపు క్రోమేటు వాడెడివారు. పొడిగా రుద్దినప్పుడు లేచు ధూళి ఊపిరితో లోనికి పోయి, నరములకును, ముఖ్యముగా పసిపిల్లల మెదడుకును శాశ్వతమైన హాని చేయును. తడిపి రుద్దుట, మంచి ముసుగు ధరించుట, పని చేసిన బట్టలతో ఇంటిలోనికి పోకుండుట తప్పనిసరి. మెకానిక్కు షెడ్లలో పని నేర్చుకొను బాలురకు ఈ మాట ఎవరైనను చెప్పవలెను. సైన్సు ఉపాధ్యాయుడు చెప్పకున్న ఎవరు చెప్పుదురు?

ఇత్తడి, నికెలు, క్రోమియము

ధగధగలాడు బంపరులను చూచి పాత కారన్న క్రోమియము పూతయే యని తలపరాదు. క్రోమియము పూత కార్లకు వచ్చినది 1920ల రెండవ భాగములో. అంతకుముందు ఇత్తడి, నికెలు, ధనవంతుల కార్లకు వెండి. నికెలు తెలుపులో పసుపుఛాయ యుండును. క్రోమియములో నీలిఛాయ యుండును. 1912 నాటి కారు దీపములపై నీలిఛాయ మెరుపు కనబడినచో, ఎవరో మితిమీరిరని గ్రహింపవచ్చును.

ఇత్తడి విషయమున మన దేశములోనే జరిగిన ఒక సంఘటన శాస్త్రగ్రంథములకు ఎక్కినది. 19వ శతాబ్దములో బ్రిటిషు సైన్యము గుఱ్ఱపుసాలల దగ్గర నిలువచేసిన ఇత్తడి తూటా గొట్టములు, వానకాలము రాగానే ఎవరును ముట్టకయే పగులసాగెను. దీనికి ఋతుభంగము అని పేరు పెట్టిరి. గుఱ్ఱముల మూత్రమునుండి లేచు అమ్మోనియా వాయువు, తేమ, గొట్టము తయారీలో లోహమున మిగిలిన బిగువు — ఈ మూడును కలియుటయే కారణమని 1921లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు వివరించిరి. మనకు ఇందలి నీతి స్పష్టము. ఇత్తడి దీపములు, రాగి గొట్టములు గల పాత కారును పశువుల కొట్టములో ఉంచరాదు. అమ్మోనియా కలిసిన పాలిషులతో ఇత్తడిని రుద్దరాదు.

కందెన, ఇంజను

అలంపురము గుడులకు రాళ్ళు మోసిన బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు ఇరుసులకు కందెన వేసికొన్న చోటు గనుక కందెనవోలు అను పేరు వచ్చినదనియు, అదియే కర్నూలైనదనియు చెప్పుకొందురు. నాగర్‌కర్నూలు పేరుకును ఇట్టి కథయే కలదు. కథ యెట్లున్నను, కదలు రెండు లోహముల నడుమ నూనెపొర లేనిదే ప్రయాణము సాగదను సత్యము అందులో నున్నది.

ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనులో ఈ పొర జారిపోయి యుండును. పిస్టను రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అంటుకొనియుండును. కొత్త బ్యాటరీ తగిలించి ఒక్కసారిగా స్టార్టరు నొక్కినచో రింగులు విరుగును, గోడ గీచుకొనును. 50 ఏండ్లు నిలిచిన ఇంజను ఒక నిమిషములో పాడగును. మొదట పాత నూనెను తీసివేయవలెను. స్పార్కు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రములద్వారా పలుచని నూనె పోసి, కొన్ని రోజులు నాననివ్వవలెను. పిదప చేతితో, బలవంతము చేయక, అంగుళమంగుళముగా త్రిప్పవలెను. సహనమే ఇక్కడ అన్నింటికంటె మేలైన స్పానరు.

పెట్రోలు సంగతి కూడ తెలియవలెను. ఇంజను కొట్టుకొనకుండుటకు పెట్రోలులో సీసపు సమ్మేళనము కలుపు పద్ధతి 1921లో అమెరికాలో కనుగొనిరి. దాని విషమును గుర్తించి, మన దేశమంతట 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము లేని పెట్రోలునే అమ్మసాగిరి. సీసపు పెట్రోలుకు అలవాటుపడిన నడికాలపు ఇంజనులలో, వేగముగా ఎక్కువ దూరము నడిపినచో కవాటపు గద్దెలు అరుగవచ్చును. అంతకు ముందటి 1912 నాటి ఇంజనుకు ఈ బాధ లేదు. అది పుట్టిననాడు పెట్రోలులో సీసమే లేదు. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను మెత్తపరచును, గాలిలోని తేమను పీల్చుకొని టాంకిలో తుప్పు పుట్టించును. కావున గొట్టములను ఇథనాలుకు తట్టుకొను రకముతో మార్చుట, కారు నిలిపియుంచు కాలమున టాంకిని ఖాళీచేయుట మంచిది.

మార్చితీరవలసినవి

కాపాడుట పేరుతో ప్రాణములను పణముగా ఒడ్డరాదు. టైర్ల రబ్బరు కాలక్రమమున ఆమ్లజనిచేతను, ఓజోనుచేతను గట్టిపడి బీటలువారును. గాట్లు లోతుగా నున్నంతమాత్రమున టైరు మంచిదని నమ్మరాదు. బ్రేకు గొట్టములు, బ్రేకు రబ్బర్లు, పగిలిన కరెంటు తీగలు, స్టీరింగు కీళ్ళు — వీటిలో లోపమున్నచో మార్చితీరవలెను. పూర్వపు బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండెడిది. డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదుట, గాలిగొట్టముతో కొట్టుట మన షెడ్లలో నిత్యము చూచుచున్న పని. ఆ సన్నని పోగులు ఊపిరితిత్తులలో నాటుకొని దశాబ్దముల తరువాత క్యాన్సరు కలిగింపగలవు. తడిగుడ్డతో తుడిచివేయవలెనే గాని ఊదరాదు.

మార్చిన ప్రతి భాగమునకు మూడు నియమములు పాటింపవలెను. మొదటిది, మార్పుకు ముందు ఫొటో తీసి, కొలత వ్రాసికొనుట. రెండవది, పాతభాగమును పారవేయక చీటి కట్టి పెట్టెలో దాచుట. మూడవది, చేసిన పనిని అవసరమైనచో తిరిగి తీసివేయుటకు వీలుగా చేయుట. వెల్డింగుకంటె బోల్టు మేలు. పాత గద్వాల చీర చిరిగినప్పుడు తెలివిగల ఇల్లాలు రఫ్ఫు చేయించునే గాని, పట్టు అంచు తీసివేసి వేరొక చీర అంచు కుట్టించదు. అతుకు దగ్గరగా చూచినవారికి కనబడును, అందులో తప్పులేదు. అది దాచవలసిన సిగ్గు కాదు, చీర బ్రతికిన కథ.

చట్టము, విలువ

మితముగా బాగుచేయుటకు ఇప్పుడు చట్టబలము కూడ ఉన్నది. కేంద్ర ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో ప్రకటించిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన ద్విచక్ర, నాలుగుచక్రముల వాహనములను "వింటేజి" వాహనములుగా నమోదు చేయవచ్చును. కాని ఒక షరతు కలదు. వాహనము మొదటి రూపములోనే యుండవలెను. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగియుండరాదు. అట్టి వాహనముల నంబరు పలకపై రాష్ట్ర సంకేతము తరువాత వి.ఎ. అను అక్షరములు వచ్చును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు నడుపవచ్చును. నిత్యవ్యవహారమునకు, బాడుగకు నడుపరాదు. 1970లో నమోదైన అంబాసడరు ఈ వయస్సును ఇప్పటికే దాటినది. దానికి డీజిలు ఇంజను బిగించి, పైకప్పు కోసి సోకు చేసిన యజమాని, తెలియకయే ఈ హక్కును పోగొట్టుకొనుచున్నాడు.

విలువ మాటకు వచ్చినచో ఒక దృష్టాంతము చాలును. స్విట్జర్లాండు సుంకపు అధికారులు 1936లో మాజ్జోరె సరస్సులో పడవేసిన 1925 నాటి బుగాట్టి కారును 2009లో బయటకు తీసిరి. ఒక ప్రక్క రేకులు కరిగి, గుల్లగా మారినది. 2010 జనవరిలో జరిగిన వేలములో అది 2,60,500 యూరోలకు అమ్ముడుపోయినది. కొనినవారు దానిని కొత్తదిగా మార్చలేదు. నీటిలో గడపిన ఆ డెబ్బది యేండ్ల గుర్తులతోనే మ్యూజియములో నిలిపిరి. మార్చియున్నచో అది వేలాది బాగుచేసిన కార్లలో ఒకటి యగును. ఇప్పుడది ఒక్కటే.

పాఠశాలలు చేయదగిన పని

వనపర్తి సంస్థానాధీశుల భవనములో 1959 నుండి పాలిటెక్నిక్ నడుచుచున్నది. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల యున్నది. పాత కట్టడమును కూల్చకయు, బొమ్మగా మార్చకయు, పనికి వచ్చునట్లు ఉంచుకొనుట ఎట్లో మన పిల్లలు ప్రతిదినము చూచుచునే యున్నారు. పాత యంత్రములయెడలను అదే దృష్టి అలవడవలెను.

ఇందుకు ధనము అక్కరలేదు. ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థులును తమ ఊరిలో మిగిలిన పాత కార్లు, జీపులు, మోటారు సైకిళ్ళు, పిండిగిర్నీలు, ఆయిలింజనులు ఎన్నియున్నవో ఒక పట్టీ తయారుచేయవచ్చును. యజమాని అనుమతితో ఫొటోలు తీసి, చాసిస్ అంకె, తయారైన సంవత్సరము, ఎవరు ఎందుకు వాడిరి, ఏ మెకానిక్కు ఏ భాగము మార్చెను అను వివరములు వ్రాసికొనవచ్చును. ముసలి మెకానిక్కులు జ్ఞాపకముమీద చెప్పగల సంగతులు ఏ పుస్తకములోను లేవు. వారు ఉన్నప్పుడే అడుగవలెను. కారు తుక్కులోనికి పోయినను ఆ పట్టీ నిలుచును. కారు నిలిచినచో, దానిని బాగుచేయువానికి ఆ పట్టీయే దారి చూపును.

వైద్యశాస్త్రములో హాని చేయకుండుట మొదటి ధర్మము. యంత్ర వైద్యములోను అదే ధర్మము. మట్టి తీయుట, తేమను తరుముట, క్షయమును ఆపుట, అపాయకరమైన వానిని మార్చుట, చేసినదానిని వ్రాసిపెట్టుట — ఇంతవరకు మన పని. నడువలేని ముసలివానికి చేతికఱ్ఱ ఇత్తుము గాని, ముఖముపై ముడతలు చెరిపివేయము. కారుయెడలను అంతే చాలును.